జరిమానా ఖజానాకు, నష్టం ఆమెకు

ఇంట్లో దొంగతనం జరిగితే దొంగకు శిక్ష పడాలని కోరుకుంటాం. పోయిన సొమ్ము తిరిగి రావాలని కూడా కోరుకుంటాం. ఈ రెండూ ఒకటి కావు. శిక్ష రాజ్యానికీ నేరం చేసినవాడికీ మధ్య వ్యవహారం. పరిహారం నష్టపోయిన మనిషి హక్కు. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వీటిలో మొదటిదాన్ని ఉంచుకుని రెండోదాన్ని వదిలేసింది. దీని మీద జరగవలసినంత చర్చ జరగలేదు. జరిగిన చర్చలో ఎక్కువ భాగం కంపెనీల మీద ఎంత భారం పడుతుందన్న దాని చుట్టూనే తిరిగింది. ఆ సమాచారం ఎవరిదో ఆ మనిషి, ముఖ్యంగా ఆ స్త్రీ, అందులో పెద్దగా కనిపించదు.

చట్టం ఏం చెబుతోందో ముందు చూద్దాం. ఖాతాదారుల సమాచారాన్ని భద్రంగా ఉంచడంలో విఫలమైన సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. వినడానికి పెద్ద మొత్తమే. కానీ 34వ సెక్షన్ ప్రకారం ఆ డబ్బంతా భారత సంచిత నిధికి, అంటే కేంద్ర ఖజానాకు వెళుతుంది. ఎవరి ఫోన్ నంబరు, జబ్బు వివరాలు, అప్పు లెక్కలు బజారున పడ్డాయో వాళ్లకు అందులో ఒక్క రూపాయి రాదు. ఇప్పటిదాకా వాళ్లకున్న దారి సమాచార సాంకేతిక చట్టంలోని 43-ఎ సెక్షన్. 2008 సవరణతో వచ్చిన ఈ సెక్షన్, నిర్లక్ష్యంతో సమాచారాన్ని పోగొట్టిన కంపెనీ బాధితులకు నష్టపరిహారం చెల్లించాలంటుంది. కొత్త చట్టం దీన్ని తొలగిస్తోంది. 2025 నవంబరులో వెలువడిన నోటిఫికేషన్ ఇందుకు 18 నెలల గడువు పెట్టింది కాబట్టి 2027 మే దాకా ఆ సెక్షన్ బతికి ఉంటుంది. దీనికి తోడు, తప్పుడు ఫిర్యాదు లేదా పసలేని ఫిర్యాదు చేశారని తేలితే, చేసిన మనిషి మీదే 10 వేల రూపాయల దాకా జరిమానా వేసే వీలు కొత్త చట్టంలో ఉంది. పరిహారం లేదు గాని, అడగబోయిన మనిషిని భయపెట్టే ఏర్పాటు మాత్రం ఉంది.

ఇది కంప్యూటర్లు తెలిసిన పట్టణపు చదువరుల సమస్య, అడవి అంచున బతికే స్త్రీలకు దీనితో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా, గోదావరి దాటి ఇప్పుడు ఆంధ్రలో ఉన్న చింతూరు, కూనవరం దాకా స్త్రీల శ్రమనూ అప్పులనూ అధ్యయనం చేయడానికి చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను. నేను చూసినంతలో తమ గురించి అందరికంటే ఎక్కువ కాగితాలు, ఎక్కువ వేలిముద్రలు ఇచ్చుకునేది ఈ స్త్రీలే. 30 వేల రూపాయల గ్రూపు లోనుకు ఆధార్ జిరాక్సు, భర్త పేరు, పిల్లల వివరాలు, ఫోన్ నంబరు, ఇంటి ముందు నిలబెట్టి తీసిన ఫోటో, బ్యాంకు పాసు పుస్తకం అన్నీ ఇవ్వాలి. మధ్యతరగతి పురుషుడు లక్షల రూపాయల అప్పుకు ఇంట్లో కూర్చుని సంతకం పెడతాడు. పేద స్త్రీ మాత్రం చిన్న మొత్తానికి తన బతుకంతా విప్పి చూపాలి. పేదరికంలో గుట్టు ఉండదు, ఉండనివ్వరు.

రెండేళ్ల కిందట బూర్గంపాడు వైపు ఒక ఊళ్లో మిర్చి కోతలకు వెళ్లే ఒక కోయ స్త్రీ తనకు జరిగింది చెప్పింది. ఆమె ఒక ఫైనాన్సు కంపెనీలో గ్రూపు లోను తీసుకుంది. కొన్ని నెలల తరువాత ఎవరో ఫోన్ చేసి ఆమె పేరు, గ్రూపు లీడరు పేరు, ఇంకా ఎన్ని కిస్తీలు మిగిలాయో సరిగ్గా చెప్పారు. అప్పు మాఫీ అవుతుంది, ఫోనుకొచ్చిన అంకెలు చెప్పమన్నారు. చెప్పింది. ఖాతాలో ఉన్న 6 వేలు పోయాయి. కంపెనీ ఆఫీసుకు వెళితే మా దగ్గర నుంచి ఏదీ బయటికి పోలేదు, అంకెలు చెప్పింది నువ్వే కదా అన్నారు. ఆ తరువాత కూడా కొత్త నంబర్ల నుంచి ఫోన్లు ఆగలేదు. రాత్రిపూట మగవాళ్లు ఫోన్ చేస్తున్నారని భర్త గొడవపడి ఆమె ఫోను గుంజుకున్నాడు. “పైసలు పోతే కూలికి పోయి సంపాయించుకుంట మేడం. ఫోను పోయినంక కూలికి పిలిసేటోళ్లు ఎట్ల పిలుస్తరు?” అని ఆమె నన్ను అడిగింది.

ఈ ప్రశ్నకు మన చట్టాల దగ్గర జవాబు లేదు. 43-ఎ సెక్షన్ కూడా మనకు పూర్తి న్యాయం చేసే సెక్షన్ కాదు. అది రక్షించేది ‘సున్నితమైన’ సమాచారాన్ని మాత్రమే. 2011 నియమాల ప్రకారం పాస్‌వర్డులు, బ్యాంకు వివరాలు, ఆరోగ్యం, వైద్య రికార్డులు, లైంగికత, వేలిముద్రల వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. ఫోన్ నంబరు లేదు, ఇంటి చిరునామా లేదు, కులం లేదు. మొగుణ్ణి వదిలి వచ్చి ఒంటరిగా బతుకుతున్న స్త్రీకి చిరునామా కంటే సున్నితమైనది ఏముంది? ఆ జాబితా రాసినవాళ్లు ఏ భయాలను ఊహించుకుని రాశారో తెలుస్తూనే ఉంది. ఆ సెక్షన్ కింద ‘అక్రమ నష్టం’ జరిగిందని కూడా చూపాలి. చట్ట పరిభాషలో అది ప్రధానంగా ఆస్తి నష్టం. కాబట్టి పోయిన 6 వేలు నష్టం అవుతాయి. ఫోను లాక్కోవడం, ఊళ్లో మాటలు పడటం, కూలి పోగొట్టుకోవడం, ఫోను మోగితే ఉలిక్కిపడటం నష్టం కిందకు రావడం కష్టం. ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్లి ముల్లు మీద పడ్డా నష్టం ఆకుకే అన్న సామెతను మనం ఎంతో కాలంగా విమర్శిస్తున్నాం. చట్టం ఆ సామెతనే పాటిస్తోంది. పైగా ఆకుకు తగిలిన గాయాన్ని లెక్కలోకి కూడా తీసుకోదు.

ఇవి ఒకరిద్దరి కష్టాలు కావు. 2023 మార్చి, ఏప్రిల్ నెలల్లో సైబరాబాద్ పోలీసులు ప్రజల సమాచారాన్ని అమ్ముకుంటున్నవాళ్లను పట్టుకున్నప్పుడు ఒక కేసులో 16.8 కోట్ల మందివి, మరో కేసులో 66.9 కోట్ల మందివి వివరాలు దొరికాయని ప్రకటించారు. 2024 సెప్టెంబరులో చెన్నై కేంద్రంగా ఉన్న స్టార్ హెల్త్ బీమా కంపెనీ ఖాతాదారుల వివరాలు టెలిగ్రామ్‌లో దొరుకుతున్నాయని బయటపడింది. 3 కోట్లకు పైగా మందివి తన దగ్గర ఉన్నాయని దొంగిలించినవాడు చెప్పుకున్నాడు. అందులో చిరునామాలే కాక వైద్య పరీక్షల ఫలితాలూ ఉన్నాయి. కంపెనీ మద్రాసు హైకోర్టుకు వెళ్లి ఆ సమాచారాన్ని ఆపించమని ఉత్తర్వు తెచ్చుకుంది. కంపెనీకి కోర్టు ఉంది, వకీళ్లు ఉన్నారు. తన గర్భసంచి ఆపరేషన్ కాగితాలు ఎవరి చేతుల్లో పడ్డాయో తెలియని స్త్రీకి ఏముంది?

ప్రభుత్వ సంస్థల సంగతి ఇంతకన్నా మేలుగా లేదు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, కులం, మతం, బ్యాంకు ఖాతా వివరాలతో సహా ఎవరికైనా కనిపించేలా ఉన్నాయి. 2024 జూన్‌లో తెలంగాణ పోలీసుల ‘హాక్ ఐ’ యాప్ సమాచారం అమ్మకానికి వచ్చింది. ఆపదలో ఉన్న స్త్రీలు పోలీసులను పిలవడానికి వాడమని చెప్పిన యాప్ ఇది. నిందితుణ్ణి పోలీసులు అరెస్టు చేశారు. కానీ 43-ఎ సెక్షన్ కంపెనీలకు మాత్రమే వర్తిస్తుంది, ప్రభుత్వ శాఖలకు కాదు. రక్షణ కోరినందుకే బయటపడిపోయిన స్త్రీ ఆ సెక్షన్ కింద పరిహారం అడగలేదు.

కంపెనీలు ఎప్పుడూ చెప్పే మాట ఒకటి ఉంది: మీరే సమ్మతించారు కదా! సమ్మతి అన్న మాట ఈ ప్రాంతంలో ఎలా అమలయిందో మనకు తెలియనిది కాదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి సుమారు 14 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నిరోధక టీకా వేశాయి. 2010 ఏప్రిల్‌లో మహిళా, ఆరోగ్య సంఘాల ఆందోళన తరువాత అది ఆగింది. ఆ టీకా మంచిదా కాదా అన్నది ఇక్కడ నా చర్చ కాదు. జరిగిన మరణాలకు టీకా కారణమయ్యే అవకాశం చాలా తక్కువని విచారణ కమిటీ చెప్పింది కూడా. నేను చెప్పదలచుకున్నది సంతకాల గురించి. 2013 ఆగస్టు నాటి పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక ప్రకారం రాష్ట్రంలోని 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. మరో 1,948 మీద ఉన్నవి వేలిముద్రలు. ఆదివాసీ బాలిక తరఫున ఇంకెవరో ఒప్పుకుంటారు, ఆ ఒప్పుకోలు మాత్రం ఆమెదే అవుతుంది. ఇప్పుడు వార్డెను స్థానంలో ఫైనాన్సు కంపెనీ కుర్రవాడు ఆమె ఫోను తీసుకుని ‘అంగీకరిస్తున్నాను’ అన్న గుర్తు మీద తానే నొక్కుతున్నాడు. కొత్త చట్టం ప్రకారం సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం 8వ షెడ్యూలులోని 22 భాషల్లో ఒకదానిలో గాని చదువుకునే వీలు కల్పించాలి. కోయ భాష ఆ షెడ్యూలులో లేదు.

పరిహారం ఇవ్వడం ఆచరణలో సాధ్యం కాదనేవారు ఇతర దేశాల వైపు చూడాలి. యూరప్ సమాచార రక్షణ చట్టం 82వ అధికరణం ఆర్థిక నష్టానికే కాక, ఆర్థికేతర నష్టానికి కూడా పరిహారం ఇవ్వాలంటుంది. బల్గేరియా పన్నుల శాఖ నుంచి 2019లో లక్షల మంది సమాచారం బయటపడినప్పుడు ఒక స్త్రీ వేసిన దావా యూరప్ న్యాయస్థానం దాకా వెళ్లింది. సమాచారం దుర్వినియోగం కావచ్చన్న భయం కూడా నష్టం కావచ్చునని ఆ కోర్టు 2023 డిసెంబరులో చెప్పింది. తగిన జాగ్రత్తలు తీసుకున్నామని రుజువు చేయవలసింది సమాచారం దాచిన సంస్థేనని కూడా చెప్పింది. అమెరికాలో 2017లో ఈక్విఫాక్స్ కంపెనీ నుంచి 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. 2019లో కుదిరిన ఒప్పందంలో బాధితుల కోసం 42.5 కోట్ల డాలర్ల దాకా కేటాయించారు. అడిగినవాళ్లు ఎక్కువై ఒక్కొక్కరికి నగదుగా అందింది కొద్దిగానే. అయినా బాధితులకు ఒక వాటా ఉందన్న సూత్రాన్ని అక్కడ ఒప్పుకున్నారు. మన చట్టం ఆ సూత్రాన్నే ఒప్పుకోవడం లేదు.

చట్టం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, వినియోగదారు నమ్మి ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని చట్ట విరుద్ధంగా ఇతరులకు వెల్లడించడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా గుర్తించింది. తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. ఖమ్మంలో అటువంటి కమిషన్ ఉంది. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. వకీలు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. రెండేళ్ల లోపు వెళ్లాలి. ఒకే రకంగా నష్టపోయిన చాలామంది తరఫున కమిషన్ అనుమతితో ఒకరిద్దరు ఫిర్యాదు వేయవచ్చు. 43-ఎ కింద అయితే 5 కోట్ల లోపు పరిహారం కోసం రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి ముందుకు వెళ్లాలి. భద్రాచలం స్త్రీకి అది హైదరాబాద్, చింతూరు స్త్రీకి అమరావతి. దూరమే, కాని దారి ఇంకా మూసుకుపోలేదు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలందరికీ, షెడ్యూల్డు తెగలవారికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. ఫోన్ వచ్చిన తేదీ, నంబరు, వాళ్లు చెప్పిన వివరాలు రాసి పెట్టుకోవడం, కిస్తీ రసీదులూ మెసేజులూ దాచుకోవడం, కంపెనీకి కాగితం మీద ఫిర్యాదు ఇచ్చి నకలు తీసుకోవడం గ్రామాల్లోని మహిళా సంఘాలు నేర్పవలసిన పనులు. ఒక స్త్రీ వెళితే అంకెలు చెప్పింది నువ్వే కదా అంటారు. ఒకే బ్రాంచిలో అప్పు తీసుకున్న 20 మందికి అటువంటి ఫోన్లే వచ్చాయని చూపితే అలా అనడం కష్టం.

మన కోరికలు స్పష్టంగా ఉండాలి. 43-ఎను తొలగించకూడదు, లేదా కొత్త చట్టంలోనే పరిహారపు హక్కును చేర్చాలి. వసూలైన జరిమానాలో బాధితులకు వాటా ఉండాలి. భయం, అవమానం, కూలి పోవడం, ఫోను పోవడం నష్టమేనని చట్టం ఒప్పుకోవాలి. నిర్దోషిత్వం రుజువు చేసుకునే బాధ్యత సంస్థ మీద ఉండాలి. ప్రభుత్వ శాఖలూ పరిహారం చెల్లించాలి. సమాచారం బయటపడిన సంగతి కోయ భాషలో, నోటిమాటగా, ఊళ్లోకి వచ్చి చెప్పాలి.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనంతో చెప్పింది. హక్కు భంగమైనప్పుడు ఆ మనిషికి ఏమీ దక్కకపోతే అది కాగితం మీది హక్కే. 2027 మే ఎంతో దూరం లేదు. ఆ లోపు ఖమ్మం కమిషన్ ముందుకు సంఘం కట్టిన స్త్రీల ఫిర్యాదు ఒక్కటైనా వెళ్లాలి. మన నష్టం ఇదీ అని మనం చెప్పకపోతే, దానికి పేరు పెట్టే పని కంపెనీలూ ప్రభుత్వమే చేస్తాయి.