దోనె ఆగిన చోట...

చెవులకు మఫ్లరు చుట్టుకున్నా చలి ఆగడంలేదు. అసలే పుష్యమాసం, ఆపైన ఈశాన్యం నుంచి ఈదురుగాలి. కైకలూరు దగ్గర ఆటపాకలో, కొల్లేటి గట్టుమీద నిలబడ్డ తండ్రీ, పదో తరగతి చదివే కూతురూ ఎదురుగా ఉన్న సంగడి వంక అనుమానంగా చూస్తున్నారు. తాటిమొద్దుల్ని దొలిచి చేసిన రెండు దోనెల్ని జతకడితే సంగడి. అటవీశాఖ వారి అనుమతైతే దొరికింది. ధైర్యమే దొరకాలి!

'కూకోండి బాబూ, లేచి నిలబడకపోతే ఏం కాదు' అన్నాడు గెడ పట్టుకున్న తాత.

నీళ్లకు జానెడు ఎత్తున కూర్చుని వెళ్తుంటే కొల్లేరు వేరేగా కనిపిస్తుంది. మోటారు పడవైతే ఆ చప్పుడుకే పిట్టలన్నీ ఎగిరిపోయేవి. గెడ పడిన చప్పుడు మాత్రం గాలి హోరులో కలిసిపోతోంది. తాత దోనెని గాలికి ఎదురుగా నడిపిస్తున్నాడు.

'అటు వెళ్తే సుఖం కదా తాతా?' అంది అమ్మాయి.

'ఓపికున్నప్పుడే ఎదురెళ్లాలమ్మా. వచ్చేప్పుడు గాలే తోసుకొస్తాది. గాలివాటున పోతే పిట్టల మీదకి పోయి పడతాం, ఆపుదామన్నా ఆగదు.'

నుదుట తెల్లబొట్టు పెట్టుకున్న బొల్లికోళ్లు నీళ్లమీద పరుగెత్తి పరుగెత్తి లేచాయి, అవీ గాలికి ఎదురుగానే. తుంగ చాటున పరజలన్నీ ఒకే దిక్కుకు ముఖం పెట్టి కూర్చున్నాయి. గాలి ముందునుంచి తగిలితే ఈకలు చెదరవు, ఒంట్లో వేడి పోదు. బైనాక్యులర్స్‌లో వాటిని చూద్దామంటే చేతులు వణికి పిట్టలే గంతులేస్తున్నట్టున్నాయి. మోచేతులు మోకాళ్లమీద ఆనించాక గానీ అమ్మాయికి కుదరలేదు.

అప్పుడు కనిపించాయి గూడబాతులు. అటవీశాఖ నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్లమీద పుల్లలతో గూళ్లు. అప్పుడే పుట్టిన పిల్లలకు ఒంటిమీద ఈక ఉండదు. తల్లో తండ్రో పైన కూర్చుంటేనే వెచ్చదనం.

'ఇంకొంచెం ముందుకు పోనీ తాతా, ఫొటో బాగా వస్తుంది' అన్నాడు తండ్రి. ఇంత చలిలో ఇంతదూరం వచ్చిన మనిషి అడగడంలో తప్పేముంది!

తాత ఇంకో గెడ వేశాడు. ఓ పక్షి మెడ చాచింది. లేచి నిలబడింది. పైన గద్ద ఒకటి తిరుగుతోంది.

'నాన్నా, వద్దు!' అంది కూతురు.

తాత గెడని బురదలోకి దిగేసి దోనెని ఆపేశాడు. ఈ పక్షులకి అలగడం తెలుసు. పశ్చిమగోదావరిలో గూడబాతుల స్థావరం గురించి పక్షి శాస్త్రజ్ఞుడు కె.కె.నీలకంఠన్ 1949లో రాశారు. తర్వాత కొన్నేళ్లకు అవి ఆ చోటు వదిలేసి వెళ్లిపోయాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్ల కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకీ ఎక్కింది. పక్షికి ఇవేవీ తెలియవు కదా. దానికి తెలిసింది దోనె ఎంత దగ్గరికొచ్చిందన్నదే.

ఒక నిమిషం... రెండు నిమిషాలు. దోనెలో ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. పక్షి మెడ ముడుచుకుని, ఒళ్లు ఓసారి విదిల్చి, మెల్లగా గూటిమీద కూర్చుంది.

తాత గెడ పైకి లాగాడు. దోనె తిరిగింది. గాలి తోసుకుంటూ ఒడ్డుకి తీసుకొచ్చేసింది. కెమెరాలో చూస్తే, ఆ పక్షి బియ్యపుగింజంత ఉంది.

'ఇదేనా?' అన్నాడు తండ్రి.

'ఇదే!' అంటూ కూతురు కెమెరా లాక్కుంది.