ముందు మనం చదువుదాం ఆ పుస్తకం

మొన్న పిల్లలిద్దరికీ మా మరిది పుస్తకాలు తెచ్చాడు. ఏడో తరగతి చదివే చిన్నాడికి ఐఐటీ ఫౌండేషన్ ఫిజిక్స్ గైడు. తొమ్మిది చదివే పెద్దదానికి, అట్టమీద గెలాక్సీ, దాని మధ్యలో ధ్యానం చేస్తున్న మనిషి. లోపల పేజీకోసారి 'క్వాంటం' అన్న మాట. గట్టిగా కోరుకుంటే విశ్వం ఇస్తుందట! అదే నిజమైతే మా పటాన్‌చెరులో రాత్రిపూట వచ్చే ఫ్యాక్టరీల వాసన ఎప్పుడో పోయుండేది.

"ఆడపిల్ల కదా వదినా, ఇలాంటివైతే ఇష్టంగా చదువుతది" అన్నాడు.

నాకు మండింది. టీ ఇస్తూనే అడిగేశా, "అది నిన్న ఏమడిగిందో తెలుసా?" అని. విశ్వం పెరుగుతోందంటారు కదా, దేంట్లోకి పెరుగుతుంది అని అడిగింది. మరిది తెచ్చిన రెండు పుస్తకాల్లోనూ దానికి జవాబు లేదు. గైడులో ఫార్ములాలే, రెండోదాంట్లో మాయమాటలే.

అందుకే చెబుతున్నా, పిల్లలకి కొనేముందు మీరు పది పేజీలు చదవండి. "నాకు సైన్సు రాదు" అనకండి. కుక్కర్‌లో పప్పు త్వరగా ఎందుకు ఉడుకుతుందో మీకు తెలుసు. లోపల ఒత్తిడి పెరిగితే నీళ్లు వంద డిగ్రీలు దాటాక గానీ మరగవు. తెలియనిది ఆ మాట చెప్పే తీరే.

అచ్చైన ఏడాది కూడా చూడండి. హాకింగ్ పుస్తకం 'ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్' 1988లో వచ్చింది. విశ్వం పెరిగే వేగమే పెరుగుతోందని బయటపడింది 1998లో. గురుత్వ తరంగాలు దొరికింది 2015లో. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద చవగ్గా దొరికిన పాత కాపీలో అవి ఉండవు మరి. (ఆ పుస్తకం నేను రెండుసార్లు వదిలేసి మూడోసారి పూర్తి చేశా. సిగ్గేం లేదు.)

అలాగని పాతవన్నీ పనికిరానివి కావు. రష్యాలో పెరెల్మాన్ 'ఫిజిక్స్ ఫర్ ఎంటర్‌టైన్‌మెంట్' మొదట రాసింది 1913లో. ఇంట్లో కనిపించే సంగతులతోనే ప్రశ్నలు వేస్తాడు కాబట్టి అది ఇంకా పాతబడలేదు. 1942లో లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆకలితో పోయాడాయన. తెలుగులో మహీధర నళినీమోహన్‌గారు రాసినవి దొరికితే వదలొద్దు. ఇంగ్లీషు పుస్తకమైతేనే సైన్సు అనుకునే వాళ్లంటే నాకు చిరాకు.

పెద్దదాని ప్రశ్నకి జవాబు నేనే వెతికి చెప్పా. రాత్రి ఇడ్లీ పిండి పొంగుతుంటే అందులో వేసిన జీలకర్ర గింజలు ఒకదానికొకటి దూరమవుతాయి కదా, గెలాక్సీలూ అంతే, కాకపోతే బయట గిన్నె ఉండాలనేం లేదు అన్నా. "గిన్నె లేకుండా ఎలా?" అంది. అక్కడ నేనూ ఆగిపోయా.

అత్తమ్మ వంటింట్లోంచి, "పెండ్లయినంక గివన్నీ నీకెందుకే?" అంది. ఐఐటీ కంది మా ఊరికి బస్సు దూరమే, దానికి ముందు మా ఇంట్లో ఈ మాట దాటాలి. వచ్చే ఆదివారం 218 బస్సెక్కి ఆబిడ్స్ పోతున్నాం, నేనూ పెద్దదీ. చిన్నాడూ వస్తానంటున్నాడు, గైడు ఇంట్లో పెట్టి.