రూహ్‌కి ఇస్త్రీ అవసరమా?



అమెరికా సోల్ మ్యూజిక్ మాట ఎత్తితే చాలు, వినేవాళ్ళు రెండు జమాత్‌లైపోతారు. ఒకటి డెట్రాయిట్ మోటౌన్ జమాత్, రెండోది మెంఫిస్ స్టాక్స్ జమాత్. సోల్ అంటే రూహ్ కదా. ఆ రూహ్‌ని ఎలా పాడాలన్నదే 1960లలో ఈ రెండు కంపెనీల ముకాబలా. మౌసిఖీ జాయెజా కాదా అన్న బహస్ ఉలమాలకు వదిలేస్తున్నా. నా సవాల్ వేరే.

మోటౌన్ మాలిక్ బెర్రీ గోర్డీ నల్లజాతివాడు. కార్ల కార్ఖానాలో మజ్దూరీ చేసినవాడు. 1959లో ఖాందాన్ అంతా కలిసి దాచుకున్న సొమ్ములోంచి 800 డాలర్లు ఖర్జ్ తీసుకుని కంపెనీ పెట్టాడు. కారు తయారైనట్టే పాటా తయారవ్వాలన్నది అతని హిసాబ్. ఒకరు రాయాలి, ఒకరు వాయించాలి, ఒకరు పాడాలి. శుక్రవారం మీటింగ్‌లో పాసైతేనే పాట బజారుకెళ్ళేది. జేబులో ఒక్క డాలరే ఉంటే శాండ్‌విచ్ కొంటారా, ఈ రికార్డు కొంటారా అని గోర్డీ అడిగేవాడట. మాక్సిన్ పవెల్ అనే ఉస్తానీ గాయకులకు నడక, కూర్చునే పద్ధతి, మాట్లాడే తమీజ్ నేర్పేది. సుప్రీమ్స్ గౌన్లు, టెంప్టేషన్స్ సూట్లు చూడండి, ఎక్కడా ముడత కనబడదు.

స్టాక్స్ పెట్టింది తెల్లవాళ్ళు, జిమ్ స్టివార్ట్, అతని ఆపా ఎస్టెల్ ఆక్స్‌టన్. టేప్ మెషీన్ కోసం ఆమె ఇల్లు తాకట్టు పెట్టింది. వాళ్ళ స్టూడియో మూతపడ్డ సినిమాహాలు. వాలు నేలను కూడా సరిచేయలేదు. ముందుగా కాగితం మీద రాసుకోకుండా, అందరూ కూర్చుని అక్కడికక్కడే బాణీ కట్టేవారు. బుకర్ టి అండ్ ది ఎంజీస్‌లో ఇద్దరు నల్లవాళ్ళు, ఇద్దరు తెల్లవాళ్ళు. హోటల్లో ఒకే బల్ల దగ్గర తినే వీల్లేని ఊళ్ళో వాళ్ళు ఒకే గదిలో వాయించారు. ఓటిస్ రెడ్డింగ్ గొంతు జీరపోయినా ఎవరూ ఆపలేదు. ఆ జీరలోనే దర్ద్ ఉంది.

తమాషా చూడండి. నల్లజాతి మాలిక్ కంపెనీలో పాట తెల్లవాళ్ళ డ్రాయింగ్ రూముకు తయారైంది. తెల్లవాళ్ళ కంపెనీలో నల్లవాళ్ళ చర్చిలోని ఫరియాద్ ఉన్నదున్నట్టు బయటికొచ్చింది.

అందుకే చాలామంది స్టాక్స్ అస్లీ, మోటౌన్ నఖ్లీ అని ఫత్వా ఇచ్చేస్తారు. నేనూ ఒకప్పుడు అదే అన్నాను. ఇప్పుడు అనను. ముందు గుమ్మంలోంచి రానివ్వని దేశంలో మంచి బట్టలు కట్టుకుని తల ఎత్తి నడవడం గులామీ కాదు, ఇజ్జత్ అడగడం. ఆ సూటుబూటు కింద జేమ్స్ జేమర్సన్ బేస్ గిటార్ వినండి. రూహ్ ఎక్కడికీ పోలేదు. అయితే తమీజ్‌కీ హద్దుండాలి. మార్విన్ గే తన జమానా దుఃఖాన్ని పాడతానంటే గోర్డీ వద్దన్నాడు. చివరికి ఆ రికార్డే మోటౌన్ పేరు నిలబెట్టింది.

నా దృష్టిలో రెండు కంపెనీలూ తప్పింది స్టైల్‌లో కాదు, హక్ విషయంలో. మోటౌన్ హిట్లు వాయించిన ఫంక్ బ్రదర్స్ పేర్లు 1971 దాకా రికార్డు అట్టల మీదికి రాలేదు. మెహనత్ వాళ్ళది, నామ్ ఇంకొకరిది. స్టాక్స్ కథ ఇంకా బాధాకరం. జిమ్ స్టివార్ట్ అట్లాంటిక్ కంపెనీ మీద భరోసాతో కాగితం సరిగా చదవకుండా దస్తఖత్ చేశాడు. 1968లో తెగతెంపులయ్యాక చూస్తే, అట్లాంటిక్ బజారుకు పంపిన ఆ పాత పాటలన్నీ అట్లాంటిక్ సొత్తే. అంతకు కొన్ని నెలల ముందే ఓటిస్ విమాన ప్రమాదంలో పోయాడు. అతని గొంతు కూడా వాళ్ళ చేతుల్లోంచి పోయింది. 1975లో కంపెనీ దివాలా తీసింది. ఖర్జ్ వ్యవహారం రాతలో పెట్టుకోమన్న హుకుం సూరె బఖరాలో ఊరికే ఉందా?

మన ఇళ్ళలోనూ ఈ బహస్ ఉంది. బయట ఉర్దూ మాటలు తగ్గించి శుభ్రమైన తెలుగు మాట్లాడమని ఒకరంటారు. మన లహజా మార్చుకుంటే మనం మిగలమని ఇంకొకరంటారు. పిల్లలు నలుగుతున్నారు. నేను వాళ్ళకు చెప్పేది ఒకటే. చొక్కాకు ఇస్త్రీ చేసుకోండి, తప్పులేదు. జుబాన్‌కి అక్కర్లేదు. దస్తఖత్ పెట్టేముందు మాత్రం కాగితం పూర్తిగా చదవండి.

ఖుదా హాఫిజ్.