దెయ్యం వేటలో తప్పిపోయిన మనిషి

2021లో డిస్నీ ప్లస్‌లో తొమ్మిది భాగాలుగా వచ్చిన ‘వాండావిజన్’ సిరీస్ నడిచినన్నాళ్లూ అభిమానుల ఊహలు ఎక్కువగా మెఫిస్టో చుట్టూనే తిరిగాయి. కథ జరిగే వెస్ట్‌వ్యూ ఊరిని చెరబట్టింది మార్వెల్ కామిక్స్‌లోని ఈ దుష్టశక్తేనన్నారు. కామిక్స్‌లో కథానాయిక వాండా కవలల పుట్టుకకు అతనితో ముడి ఉండటం ఆ వాదనకు బలమిచ్చింది. చివరికి అతను రానేలేదు. మంత్రగత్తె అగాథా వచ్చింది కానీ, ఊరిని బందీ చేసింది ఆమె కాదు. ప్రేమించిన విజన్‌ను పోగొట్టుకున్న వాండా దుఃఖం. ఎనిమిదో భాగంలో, ఇద్దరూ ఇల్లు కట్టుకోవాల్సిన ఖాళీ స్థలంలో ఆమె కుప్పకూలుతుంది. విలన్ పుట్టుక అక్కడే ఉంది.

తప్పంతా ప్రేక్షకులదే అనలేం. ఎక్స్‌మెన్ సినిమాల క్విక్‌సిల్వర్ ఇవాన్ పీటర్స్‌ను వాండా సోదరుడిగా దింపి, ఆనక మామూలు ఊరివాడని తేల్చింది రూపకర్తలే. వారం వారం ఊహించుకోవడంలో సరదా ఉందన్నదీ నిజమే. అయితే కామిక్స్‌లో జవాబు వెతికే కళ్లకు తెరమీది సాక్ష్యం ఆనదు. నిద్రలోనూ నీ పీడకలలే మాకు వస్తున్నాయని ఊరివాళ్లు వాండాతో మొరపెట్టుకుంటారు. నేరం మెఫిస్టోదే అయితే ఆ మొరకు ఆమె జవాబు చెప్పక్కర్లేదు. కథానాయికకు అంత తేలిగ్గా క్లీన్‌చిట్ ఇచ్చే ఊహ ఎంత తెలివైనదైనా కథను చిన్నది చేస్తుంది. విలన్ ఎవరన్న ప్రశ్నతో పాటు, ఆ పని ఎందుకు చేశారన్నదీ అడగాలి.