కోపం మీద నెపం

విశాఖ దగ్గరి పరవాడలో ఏ ఆర్‌ఎంపీ బల్ల దగ్గర కూర్చున్నా ఈ మాట వినపడుతుంది. జబ్బకి పట్టీ చుట్టి, గాలి కొట్టి, మెల్లగా వదులుతూ, "నూట అరవై ఉంది బాబూ, ఏటంత టెన్షన్ పడిపోతన్నావు?" అంటాడాయన. ఎదుటివాడు ఫార్మాసిటీలో రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మనిషి. మారు మాట్లాడకుండా ఒప్పేసుకుంటాడు. టెన్షన్ లేనివాడెవడు? చీటీ డబ్బులు, కూతురి సంబంధం, కాంట్రాక్టరు ఆపిన జీతం, వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది. ఇక కోపం తగ్గించుకుంటానని మాటిస్తాడు. మాత్రలు ఓ పది రోజులు వేసుకుని మానేస్తాడు. మనసు కుదుటపడ్డాక మాత్ర దేనికని!

ఇది ఒక్క ఆర్‌ఎంపీ నమ్మకమే అయితే ఇంత రాయక్కర్లేదు. సినిమాలో కొడుకు మాట పడలేక కూలిపోయే తండ్రి, టీవీలో ప్రాణాయామం నేర్పే గురువు, ఫ్యాక్టరీ హెల్త్ క్యాంపులో మైకు పట్టుకునే వక్త, అందరూ చెప్పేది ఒకటే: బీపీ మనసుకి పట్టిన జబ్బు. మన దేశంలో పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి బీపీ ఉందని ఐసీఎంఆర్ సర్వే 2023లో తేల్చింది. నూటికి ముప్ఫై అయిదు మంది కోపిష్టులని చెప్పి సరిపెట్టుకుందామా?

1934లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ అనే వైద్యుడు కుక్క కిడ్నీకి వెళ్లే రక్తనాళానికి చిన్న బిగింపు వేశాడు. నాళాన్ని పూర్తిగా మూయలేదు, ఇరుకు చేశాడంతే. కుక్క బీపీ పెరిగింది, పెరిగి అలాగే నిలబడింది. ఆ కుక్కకి పెళ్లీడుకొచ్చిన కూతురు లేదు, షిఫ్టు ఇన్‌చార్జి లేడు. అంతకు చాలా ముందే, 1898లో, స్టాక్‌హోంలో టైగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు కుందేలు కిడ్నీ నుంచి తీసిన సారం ఇంకో కుందేలుకి ఎక్కించి, బీపీ పెరగడం చూశారు. ఆ పదార్థానికి రెనిన్ అని పేరు పెట్టారు. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

రెనిన్ పని తీరు కాస్త దగ్గరగా చూడాలి. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి నాళం గోడలో కొన్ని కణాలుంటాయి. వచ్చే రక్తం ఒత్తిడి తగ్గినా, వడపోత గొట్టంలో ఉప్పు తగ్గినా అవి రెనిన్ వదులుతాయి. కాలేయం తయారుచేసే ఒక పెద్ద ప్రొటీన్ నుంచి రెనిన్ చిన్న ముక్క కోస్తుంది. ఆ ముక్క ఊపిరితిత్తుల నాళాల్లోంచి పోయేటప్పుడు ఇంకో ఎంజైము దాన్ని మరికాస్త కత్తిరిస్తుంది. మిగిలేది యాంజియోటెన్సిన్-2. ఎనిమిది అమైనో ఆమ్లాల పాటి పదార్థం, చేసే పని మాత్రం అంతా ఇంతా కాదు. రక్తనాళాలని బిగిస్తుంది. దాహం పుట్టిస్తుంది. కిడ్నీ నెత్తిన కూర్చున్న అడ్రినల్ గ్రంథి చేత ఆల్డోస్టెరాన్ అనే హార్మోను విడుదల చేయిస్తుంది. ఆ హార్మోను మూత్రంలో పోబోయే సోడియాన్ని వెనక్కి లాగి, పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది. సోడియం వెనక నీరూ వస్తుంది. నీటి లెక్క చూడడానికి మెదడు కింద పిట్యూటరీ నుంచి వేసోప్రెసిన్ దిగుతుంది. వీటన్నిటికీ పగ్గం వేసే హార్మోను గుండె పై గదుల్లోనే తయారవుతుందని 1981లో కెనడాలో అడాల్ఫో డి బోల్డ్ చూపించాడు. రక్తం ఎక్కువై ఆ గదులు సాగితే, ఉప్పునీ నీటినీ బయటికి పంపమని అది కిడ్నీకి కబురు పెడుతుంది.

సింహాద్రి థర్మల్ ప్లాంటులో మే నెల మధ్యాహ్నం బాయిలరు దగ్గర పనిచేసే కూలీని నిలబెట్టేవి ఈ హార్మోన్లే. చెమటలో ఉప్పూ నీరూ పోతాయి, రెనిన్ లేస్తుంది, మూత్రం చిక్కబడి పసుపు తిరుగుతుంది, మనిషి కళ్లు తిరిగి పడకుండా ఉంటాడు. ఉప్పు దొరకడమే గగనమైన కాలంలో ఒంటికి అమరిన ఏర్పాటు ఇది. ఇప్పుడు మన కంచంలో ఉప్పుకి కరువు లేదు. ముత్యాలమ్మపాలెం వైపు నుంచి వచ్చే ఎండుచేప, ఊరమిరపకాయ, ఆవకాయ, క్యాంటీను సాంబారు. రోజుకి అయిదు గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంతకు మించిన ఉప్పు లోపలికి పోయినప్పుడు రెనిన్ అణిగిపోవాలి. చాలామందిలో అది అణగాల్సినంత అణగదు, లేదా కిడ్నీకి ఆ ఉప్పుని గెంటడానికి ఎక్కువ ఒత్తిడి కావలసివస్తుంది. ఆర్‌ఎంపీ చూసిన నూట అరవై అదే.

అమెజాన్ అడవుల్లో యానొమామి అనే జాతి ఉంది. వాళ్ల తిండిలో ఉప్పు దాదాపు లేదు. రెనిన్, ఆల్డోస్టెరాన్ మాత్రం రక్తంలో బాగా ఎక్కువ. బీపీ సగటున 95/61 అని 1988లో వచ్చిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనం కొలిచింది. వయసుతో పాటు పెరగదు కూడా. వాళ్లది ప్రశాంత జీవితమనుకుంటే పొరపాటే. మలేరియా, పక్క ఊళ్లతో తగాదాలు, బంగారం కోసం అడవిలో చొరబడేవాళ్ల దౌర్జన్యం.

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. ఇటలీలో మఠం దాటని క్రైస్తవ సన్యాసినులని ముప్ఫై ఏళ్ల పాటు గమనించారు. బయటి ఆడవాళ్లకి వయసుతో బీపీ పెరిగింది, వాళ్లకి పెరగలేదు. ఉప్పు ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే. మనసుకి ఇందులో పాత్రే లేదని నేననను. కోపమొస్తే అడ్రినలిన్‌తో బీపీ లేస్తుంది, కాసేపటికి దిగుతుంది. ఏళ్ల తరబడి పైనే ఉండాలంటే ఆ కోపం కిడ్నీ గుండా పోవలసిందే. నరాలు కిడ్నీలోని ఆ కణాలనే తట్టి రెనిన్ వదిలిస్తాయి. నాకు కోపమే రాదు అన్నవాళ్లకి కూడా నూట డెబ్భై ఉంటుంది, ఇంట్లోవాళ్లు నమ్మరు.

డాక్టరు రాసిన చీటీ తీసి చూడండి. ప్రిల్ అని ముగిసే మాత్ర యాంజియోటెన్సిన్-2 తయారీని ఆపుతుంది. సార్టాన్ అని ముగిసేది దాని పనికి అడ్డం పడుతుంది. స్పైరనోలాక్టోన్ ఆల్డోస్టెరాన్‌కి ఎదురు. నీరు మాత్ర కిడ్నీ చేత ఉప్పు వదిలిస్తుంది. ఆమ్లోడిపిన్ నాళాలని వదులు చేస్తుంది. అందులో మనసుకి మందేది? ఒకప్పుడు నరాల మీద పనిచేసే మందు ఉండేది, అదీ మన దేశపు మొక్క నుంచే. సర్పగంధి వేరుతో బీపీ తగ్గుతుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో రాశాక ప్రపంచమంతా వాడారు. కొందరికి మనసు కుంగిపోయిందన్న ఫిర్యాదులొచ్చాయి, మెరుగైన మందులూ వచ్చాయి, దాని వాడకం పలచబడింది.

టెన్షన్ సిద్ధాంతం మాత్ర మానిపించడంతో ఆగితే ఒక ఎత్తు. పరవాడ ఎండలో అది ఇంకో రకంగా కాటేస్తుంది. సార్టాన్, నీరు మాత్ర కలిపి వేసుకునే కూలీ వేడిలో పని చేసి, నడుం నొప్పికి మందుల షాపులో డైక్లోఫెనాక్ అడిగి మింగుతాడు. ఒళ్లు ఎండిపోయినప్పుడు కిడ్నీని కాపాడే హార్మోను దారిని ఒక మాత్ర మూసేసింది, నొప్పి బిళ్ల రెండో దారి మూసింది. కళ్లు తిరుగుతాయి. చుట్టూ ఉన్నవాళ్లు "బీపీ పెరిగింది, టెన్షన్ పడకు" అంటారు, చూడబోతే అది పడిపోయి ఉంటుంది. కొందరు ఇంకో మాత్ర కూడా వేసేస్తారు. కిడ్నీ దెబ్బ తిన్నాక "బీపీ మాత్రలు కిడ్నీని తినేశాయి" అని ఊరంతా పాకుతుంది. అదుపులో లేని బీపీ కిడ్నీని తినే సంగతి ఆ ప్రచారంలో ఉండదు.

ఆల్డోస్టెరాన్ అదుపు తప్పడమే అసలు కారణమైన బీపీ రోగులు నూటికి అయిదు నుంచి పది మంది ఉంటారని అంచనా. జెరోమ్ కాన్ 1955లోనే ఆ జబ్బుని వివరించాడు. రక్తంలో ఆల్డోస్టెరాన్, రెనిన్ కొలిస్తే బయటపడుతుంది, కొందరిలో ఆపరేషన్‌తో పోతుంది కూడా. బీపీ ఉన్న అందరికీ ఈ పరీక్ష చేయమని అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2025లో సూచించింది. మన దగ్గర అలాంటి మనిషికి అయిదేళ్లు ధ్యానం చేయిస్తారు.

కాబట్టి ఫార్మాసిటీ, థర్మల్ ప్లాంటు యాజమాన్యాలకి ఒకటే విన్నపం. ఈసారి హెల్త్ క్యాంపుకి మైకు, వక్త వద్దు. కాంట్రాక్టు కూలీతో సహా అందరికీ కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం చూడండి. మూడు మాత్రలు వేసినా దిగనివాళ్లకి ఆల్డోస్టెరాన్, రెనిన్ పరీక్షలు రాయండి. ఎండాకాలం మోతాదు మార్చాలా అని అడిగితే చెప్పడానికి ఒక డాక్టరుని కూర్చోబెట్టండి. క్యాంటీను సాంబారులో రోజుకి ఎన్ని గ్రాముల ఉప్పు వేస్తున్నారో తూచి, ఆ అంకె గోడ మీద రాయండి.