పనిచోట పొగ

ఇంట తండ్రి చుట్ట ముట్టించినచో బిడ్డలు వాకిటిలోనికి పోగలరు. కచేరీలో పైయధికారి సిగరెట్టు వెలిగించినపుడు ఎదుటి బల్లయొద్దనున్న గుమాస్తా లేచిపోలేడు. జీతము వానిని కుర్చీకి కట్టివేసియుండును. పనిచోట ధూమపానమును నిషేధించుటకు మూలమైన న్యాయమిదియే. కాల్చనివాని ఊపిరి కాల్చువాని చిత్తమునకు లోబడరాదు. ఒరులు విడిచిన పొగను పీల్చుటవలన ప్రపంచమున ఏటేట పది లక్షలకు మించి జనులు మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క కట్టినది.

మన దేశమున చట్టము లేక ఈ స్థితి కలుగలేదు. మురళీ దేవరా దాఖలు చేసిన వ్యాజ్యమున 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆస్పత్రులు, విద్యాలయములు, గ్రంథాలయములు, న్యాయస్థానములు, ప్రభుత్వ కార్యాలయములు, రైళ్ళు, బస్సులలో పొగ త్రాగుటను నిషేధించినది. 2003లో పార్లమెంటు శాసనము చేసినది. 2008 అక్టోబరు 2వ తేదీన, గాంధీ జయంతి నాడు, అమలులోనికి వచ్చిన నియమములు పనిచేయు స్థలములను గూడ ఆ శాసనపు పరిధిలోనికి తెచ్చినవి. నియమము మీరినవానికి 200 రూపాయల వరకు జరిమానా. ఐర్లండు దేశము 2004లో పనిచోట్లనన్నిటిని పొగనుండి విముక్తము చేసి మార్గము చూపిన నాలుగేండ్లకే మనము ఆ దారి పట్టితిమి.

ఫలితమేమి? ఇండ్లలో ఇతరుల పొగకు గురియగు పెద్దలు 2009-10 నాటి జాతీయ సర్వేలో నూటికి 52 మంది. 2016-17 నాటికి 39 మందికి తగ్గిరి. కప్పు క్రింద పనిచేయువారిలో మాత్రము రెండు సర్వేలలోను నూటికి 30 మందియే. చట్టము ప్రవేశింపని ఇంట పొగ తగ్గినది. చట్టమున్న పనిచోట తగ్గలేదు. ఇది చిత్రముగ దోచును గాని కారణము దాగియుండలేదు. ఇంట ఇల్లాలు వారింపగలదు, బిడ్డ అలుగగలడు. పనిచోట క్రిందివాడు పైవానిపై ఫిర్యాదు చేయవలెను. అట్టి సాహసము ఎందరికుండును?

కావున ఈ భారమును ఉద్యోగి తలమీదనుండి దింపి స్థానిక సంస్థలు తమ భుజమున వేసికొనవలసియున్నది. ఆ పని ఎంత క్లిష్టమో తెలియుటకు శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పట్టణములను చూచిన చాలును. మూడింటను పని మూడు విధములు. హిందూపురము వ్యాపార కేంద్రము; బెల్లము, చింతపండు, మిరపకాయలు, పట్టుగూళ్ళు చేతులు మారు చోటు. అచట పనిచోటు అనగా కొట్టు, గిడ్డంగి, తూముకుంట వైపునగల కర్మాగారము. పెనుకొండ చెంత 2019లో కియా కార్ల కర్మాగారము ఉత్పత్తి ప్రారంభించినది. పెద్ద కర్మాగారమునకు యాజమాన్యమును కావలివాడును ఉందురు గనుక నియమమును నిలుపుట సుకరము. రహదారి ప్రక్కనుండు చిన్న షెడ్డులో, గ్యారేజీలో, కాఫీ హోటలులో దానిని నిలుపుటయే దుష్కరము.

ఇందుకు నియమములలోనే ఉపాయము కలదు. స్థలము యొక్క యజమాని లేక నిర్వాహకుడే బాధ్యుడు. అతడు నిషేధపు బోర్డు కట్టవలెను. యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు అందుబాటున ఉంచరాదు. ఫిర్యాదు ఎవరికి చేయవలెనో ఆ వ్యక్తి పేరు ప్రకటింపవలెను. ఫిర్యాదు విని ఊరకున్నచో ఎందరు కాల్చిరో అన్ని జరిమానాలు అతడే చెల్లించుకొనవలెను. పురపాలకులు బీడీ కాల్చు హమాలీ వెంట పరుగెత్తనక్కరలేదు. దుకాణమునకు, హోటలునకు వ్యాపార లైసెన్సు ఇచ్చునపుడును, మరల పొడిగించునపుడును ఈ మూడు విషయములు విచారించిన చాలును. అంతకుముందు తమ కార్యాలయమును తాము శుభ్రపరచుకొనవలెను. కూలివానికి 200 రూపాయలు ఆనాటి కూడు. అధికారిని విడిచి వానిని దండించు చట్టమునకు గౌరవము దక్కదు. హిందూపురమునకు సరిహద్దునగల కర్ణాటకలో 2025లో వచ్చిన సవరణ జరిమానాను 1000 రూపాయలకు పెంచినది. జరిమానా పెంచుట సులభమే; అడుగువాడు లేనిచోట వెయ్యియు ఒకటే, రెండువందలును ఒకటే.

ధర్మవరమునకు వచ్చుసరికి ఈ ఉపాయమును చాలదు. అచట పట్టుచీర నేయు మగ్గము అనేకుల ఇండ్లలోనే ఉండును. గృహమే పనిచోటు. భర్త మగ్గపు గుంటలో కూర్చుండి నేయుచుండగా భార్య కండెలు చుట్టును; పసిబిడ్డ ప్రక్కనే నిదురించును. నేతగాడు అలసట తీర వెలిగించిన బీడీ పొగ ఆ ముగ్గురిదియు అగును. అచటికి తనిఖీదారుడు రాడు, రాగూడదు గూడ. ఆ గడప దాటి పోగలిగినది బడిలో నేర్చిన మాట ఒక్కటే.

ఉపాధ్యాయుని పాత్ర ఇచట తేటపడుచున్నది. 'కన్యాశుల్కము'లో వెంకటేశము గురువైన గిరీశము వద్ద చక్కగా అభ్యసించిన విద్య చుట్ట కాల్చుట. గురజాడ వారి హాస్యమునకు నవ్వుదుము గాని, శిష్యుడు గురువు మాటకంటె గురువు చేతను త్వరగా నేర్చుననెడి సత్యము అందు కలదు. ఉపాధ్యాయుల గదిలో పొగ ఉన్నంతకాలము ఆరోగ్యపాఠము వట్టి మాటయే. విద్యాలయమునకు 100 గజముల లోపల పొగాకు వస్తువులమ్ముట, 18 ఏండ్లు నిండనివారికమ్ముట నేరములని శాసనము చెప్పుచున్నది. విద్యాలయపు ఆవరణలో జరిమానా విధించు అధికారము సంస్థాధిపతికే కలదు.

ఈ శాసనమును పౌరశాస్త్ర తరగతిలో ఒకనాటి పాఠముగ బోధింపవచ్చును. విద్యార్థులు తమ బడిలో, తమ వీథి గ్రంథాలయములో, పురపాలక కార్యాలయములో నిషేధపు బోర్డు ఉన్నదో లేదో, దానిపై బాధ్యుని పేరున్నదో లేదో చూచి రావలెను. పేరు లేనిచో పురపాలక కమిషనరునకు మర్యాదగ ఒక లేఖ వ్రాయవలెను. గుమాస్తా అడుగలేని ప్రశ్నను విద్యార్థి అడుగగలడు. వానిని ఏ జీతమును కట్టివేయలేదు.