వాటా ఎవడడిగిండు? మాట కావాలె!

2021లో తెలంగాణ సర్కారు వైన్ షాపుల్లో రిజర్వేషన్ పెట్టింది. గౌడలకు 15 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5. భూమి అడిగితే లేదన్నోళ్లు మందు సీసా చేతికిచ్చి సామాజిక న్యాయం అంటున్నరు!

2025లో దరఖాస్తు రుసుమే 3 లక్షలు. లాటరీ తగలకున్నా వాపసు రాదు. ఏ కూలోడి దగ్గరున్నయి అన్ని పైసలు? పేరు మనది, పెట్టుబడి సిండికేటుది. తాగి కూలేది మన మగోళ్లు, తన్నులు తినేది మన ఆడోళ్లు.

సరే, షాపు ఎక్కడ పెట్టాలెనో చెప్పేదెవరు? గుడికి, బడికి 100 మీటర్లని టేపు పెట్టి కొలుస్తరు. మాదిగ గూడేనికి, కోయ గుంపుకి ఎంత దూరమో కొలిచే టేపు ఏ ఆఫీసులోనూ లేదు.

ఏజెన్సీలో చట్టం లేకనా? మత్తు పదార్థాల అమ్మకాన్ని ఆపే, అదుపుచేసే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలని 1996 నాటి పెసా చట్టం 4(ఎం) చెప్తున్నది. భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం షెడ్యూల్డు ప్రాంతాలే. మరి అక్కడి షాపులకు గ్రామసభ తీర్మానం ఏది? బెల్టుషాపుకైతే అసలు కాగితమే లేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు ఎవరి అనుమతీ అడగలేదు. వాళ్లు రాజేసిన నిప్పు జిల్లాలు దాటింది, సారా పాటలు ఆగినయి. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది.

అక్కలారా, అన్నలారా! గ్రామసభ పిలవండి. తీర్మానం రాయండి. మొదటి వేలిముద్ర ఆడోళ్లదే పడాలె. ఆ కాగితం చూడకుండా లైసెన్సు ఇచ్చే హక్కు ఏ అధికారికీ లేదని గట్టిగా చెప్పండి!